కనిపించినంతే నూరు శాతమా?

నెల రోజుల కిందట మిర్యాలగూడ నుంచి నాకొక కవరు వచ్చింది. ఈ కాలంలో తపాలాలో వచ్చేది బ్యాంకు నోటీసో, పెళ్ళిపత్రికో అయివుంటుంది. ఇది ఆ రెండూ కాదు. హైస్కూల్లో నాకు ఛందస్సు నేర్పిన తెలుగు సారు పంపినది. లోపల నాలుగు రూళ్ళ కాగితాలు. నీలి సిరా. చేయి వణుకుతున్నా గీత తప్పని గుండ్రని అక్షరాలు. మొదటి కాగితం పైన ఇలా ఉంది: "నాయనా, నీవు ఎక్కించిన పద్యాలలో కుడివైపు సగం పోయింది. జ్ఞాపకమున్నంత మేరకు పూరించి పంపుతున్నాను. జ్ఞాపకం రానిచోట కొత్తగా కట్టాను. సరిచూసుకొని వేయగలవు."

పద్యాలలో ఏ సగమూ పోలేదు. అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయి. ఉన్నవాటిని లేవని ఆయన చేత అనిపించినవి నేను రాసిన రెండు వరుసల స్టైలు సూచనలు. ఎనభై దాటిన కవి తన పద్యాలకు తానే సమస్యాపూరణం చేసుకోవలసి వచ్చిందంటే ఆ పాపం నాది. ఈ టపా ప్రాయశ్చిత్తం కోసం కాదు. అదే పాపం చేస్తూ, దానిని పాపమని ఒప్పుకోని మిత్రులతో పేచీ పడడానికి రాస్తున్నాను. కూడలి, జల్లెడల కాలం నుంచి ఎరిగినవారు గనుక కాస్త గట్టిగా మాట్లాడినా ఏమీ అనుకోరన్న చనువు ఉంది.

ముందు జరిగింది చెబుతాను. సారు పద్యాల నోటుపుస్తకానికి చెద పట్టడం మొదలైందని తెలిసి, నిరుడు మిర్యాలగూడ వెళ్ళి దానిని సూర్యాపేటకు తెచ్చుకున్నాను. రాత్రిపూట కూర్చొని ఒక్కొక్క పద్యం టైపు చేశాను. ఒక్కో ఖండికలో మూడు నాలుగు పద్యాలు. ప్రతి పద్యానికీ లేత పసుపు రంగు పెట్టె, చుట్టూ సన్నని గీత. కింద నా టిప్పణి తెల్లని నేల మీద. పచ్చనిది ఆయనది, తెల్లనిది నాది అని ముందుమాటలో రాశాను. పాదం విరగకూడదని నా పట్టుదల కాబట్టి, తెర చాలనప్పుడు ఖండిక మొత్తం పక్కకు జరిగే ఏర్పాటు చేశాను. సూర్యాపేటలో నా బల్లమీది పెద్ద తెరపై అంతా చక్కగా ఉంది. నేను చూసింది ఆ ఒక్క తెరనే.

కవరు అందిన మరునాడే బస్సెక్కి మిర్యాలగూడ వెళ్ళాను. సారు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. చూశాను. పసుపు పెట్టె తెర అంచు దాకా ఉంది. అంచు దగ్గర పెట్టె కుడిగీత నిటారుగా నిలబడి ఉంది. పాదం ఆ గీత దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తున్నది. పక్కకు జరపవచ్చునని చెప్పే పట్టీ ఫోనులో వేలు పెట్టి కదిపితేనే గాని కనిపించదు.

"గీత గీసి ఉన్నది కదా నాయనా. గీత దాటి చూడాలని ఎవరికి తోస్తుంది?" అన్నారు.

వేలితో పక్కకు జరిపాను. మిగిలిన అక్షరాలు వచ్చాయి. వాటి వెనుక పసుపు లేదు. తెల్లని నేల మీద, ఏ పెట్టెకూ చెందకుండా, నాలుగు పాదాల తోకలు వేలాడుతున్నాయి. సారు కళ్ళద్దాలు సవరించుకొని చూశారు.

"ఇదా? మనవరాలు ఒకనాడు జరిపితే కనబడింది. తెల్లగా ఉన్నది నీ టిప్పణి అని నువ్వే రాశావు కదా. నా పాదం పక్కన నీ మాటలేమిటా అనుకొని చదవలేదు" అన్నారు.

దానికి నేను చెప్పగలిగిన జవాబు లేదు. ఆయన నా నియమాన్ని నాకంటె శ్రద్ధగా పాటించారు. నియమం తప్పింది నా పేజీ.

ఇది ఎందుకు ఇలా అవుతుందో తెలిసినవారు ఈ పేరా దాటిపోవచ్చు. తెలియనివారి కోసం చెబుతాను. సీఎస్ఎస్‌లో మామూలు బ్లాక్ పెట్టె తన ఎత్తును లోపలి సరుకును బట్టి తెచ్చుకుంటుంది. పది వరుసలుంటే పది వరుసల ఎత్తు, నూరుంటే నూరు. వెడల్పు విషయంలో అలా కాదు. వెడల్పు తల్లి పెట్టె నుంచి వస్తుంది. తల్లి పెట్టె లోపలి వెడల్పు ఎంతో, పిల్ల పెట్టె వెడల్పు అంత. విడ్త్: 100% అని రాసినా, ఏమీ రాయకుండా వదిలినా ఇక్కడ జరిగేది దాదాపు అదే. ఆ తల్లి పక్కకు జరిగే పెట్టె అయితే, దాని వెడల్పంటే కంటికి కనిపించే కిటికీ వెడల్పే. లోపల జరిపితే వచ్చే మొత్తం పొడవు లెక్కలోకి రాదు. పాదం మాత్రం విరగవద్దన్నాం కాబట్టి పిల్ల పెట్టె గోడను దాటుకొని బయటికి సాగుతుంది. అక్షరాలు సాగుతాయి, గోడ సాగదు. రంగు గోడకు కట్టుబడి ఉంటుంది, కుడిగీతా అంతే. అందుకే జరిపి చూస్తే అక్షరాలుంటాయి, నేల ఉండదు.

ఇది బ్రౌజరు తప్పు కాదు. 1998లో సీఎస్ఎస్ రెండో ప్రమాణం ఓవర్‌ఫ్లో అనే గుణాన్ని తెచ్చిననాటి నుంచి లెక్క ఇదే. దానికి తర్కం కూడా ఉంది. పిల్ల వెడల్పు, పొంగిపొర్లిన మొత్తాన్ని బట్టి ఉండాలంటే, ఆ మొత్తం మళ్ళీ పిల్ల వెడల్పును బట్టి ఉంటుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు అది. ఎక్కడో ఒకచోట తెగ్గొట్టాలి, కిటికీ దగ్గర తెగ్గొట్టారు. మనం తొలినాళ్ళలో తిట్టుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఈ లెక్కను పాటించేది కాదు. వెడల్పు చెప్పిన పెట్టెలో అంతకంటె పెద్ద సరుకు పెడితే పెట్టెనే సాగదీసేది. దాని వల్ల పేజీలు చెదిరిపోయి మనం నానా అవస్థలు పడ్డాం. ప్రమాణం పాటించే బ్రౌజర్లు వచ్చినందుకు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఈ రోజు ప్రమాణాన్ని తిట్టను. ప్రమాణం చెప్పిన నూరు శాతాన్ని పద్యానికి నూరు శాతమని నమ్మిన నన్ను తిట్టుకుంటాను. నమ్ముతున్న మిమ్మల్ని కూడా.

మా ప్రాంతం వారికి ఈ సంగతి కాలువ భాషలో చెబితే ఒక్క మాటలో అర్థమవుతుంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలు దాని మీద ఆధారపడ్డవి. సూర్యాపేట వైపున శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల కథ వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఒక మాట ఉంది: చివరి భూములు. తూము దగ్గర కొలిచి ఇంత నీరు వదిలామంటే లెక్క సరిపోతుంది. కాగితం మీద ఆయకట్టు మొత్తం తడిసినట్టే. చివరి మడి రైతు మాత్రం రాత్రంతా గట్టు మీద కూర్చొని నీటి కోసం చూస్తుంటాడు. అతని పొలం పటంలో ఉంది, లెక్కలో ఉంది. నీరు లేదు. నా పసుపు రంగు తూము దగ్గర కొలిచిన నీరు. సారు పాదాల తోకలు చివరి భూములు. నూరు శాతమని రాసి ఊరుకున్నవాడు తూము దగ్గర నిలబడి ఉన్నాడని ఇక్కడ ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు.

మిర్యాలగూడ నుంచి తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చాను. అక్కడ డీటీపీ దుకాణం నడిపే మిత్రుడున్నాడు. నాతోపాటు తొలినాళ్ళలో బ్లాగు మొదలుపెట్టి, తరువాత పెళ్ళిపత్రికలలో స్థిరపడ్డవాడు. చాయ్ తాగుతూ జరిగిందంతా చెప్పాను. అతను విని నవ్వి, "ఎందుకన్నా ఈ తిప్పలు? పద్యాన్ని మంచి ఖతిలో కట్టి బొమ్మగా పెట్టెయ్. ఏ ఫోనులోనైనా చెక్కుచెదరదు" అన్నాడు. ఇంటికి వచ్చాక మరో ముగ్గురు బ్లాగ్మిత్రులకు రాశాను. ముగ్గురూ మూడు మందులు చెప్పారు. ఈ నాలుగు మందులూ జబ్బుకంటె ప్రమాదకరమైనవని నా అభియోగం. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది బొమ్మ. మిత్రమా, మనం ఎందుకు యూనికోడు పట్టుకొని ఊగిసలాడామో మరిచావా? ఒక్కో దినపత్రిక ఒక్కో ఖతి పెట్టుకొని, ఆ ఖతి లేనివాడికి పిచ్చిగీతలు చూపించిన రోజుల్లో, తెలుగు అక్షరం అక్షరంగానే ఉండాలని వాదించింది మనమే కదా? బొమ్మలోని పద్యం వెతికితే దొరకదు. నకలు తీసుకోరాదు. చూపు లేనివారికి తెరచదువరి దానిని వినిపించలేదు. చూపు మందగించినవారు పెద్దది చేసుకుంటే అంచులు మసకబారుతాయి. పాదం పూర్తిగా కనిపించడం కోసం పాదాన్నే అక్షరాల లోకం నుంచి వెలివేయడం ఇది. పైగా ఇరవై అక్షరాల పాదం ఫోను వెడల్పుకు కుదించిన బొమ్మలో చీమల బారులా ఉంటుంది. సారు ఫోను పట్టుకొని దానిని చదివే దృశ్యం ఒక్కసారి ఊహించుకో.

రెండో మందు: ఓవర్‌ఫ్లో: హిడెన్. దాటినదానిని దాచెయ్యమని. ఈ సలహా ఇచ్చిన మిత్రుడికి పాపం అందం ముఖ్యం. పేజీ పక్కకు ఊగడం ఆయనకు గిట్టదు. దాచినది చదువరి వేలికి ఎన్నటికీ దొరకదన్న సంగతి ఆయన ఆలోచించినట్టు లేదు. చివరి భూములకు నీరు అందించలేనివాడు ఆ భూములను పటం నుంచి చెరిపెయ్యడం వంటిది ఇది. నా పేజీలో కనీసం జరిపితే అక్షరాలు కనిపించాయి. ఆయన పేజీలో అవీ ఉండవు.

మూడోది: విరిగితే విరగనీ. ఇది వినడానికి వినయంగా ఉంటుంది గనుక ఎక్కువమంది నమ్ముతారు. వచనానికి ఇదే సరైన పద్ధతి. వచనాన్ని పక్కకు జరిపించేవాడిని నేనూ క్షమించను. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 సౌలభ్య సూత్రాలలో రీఫ్లో అన్న నియమం ఉంది. 320 పిక్సెళ్ళ వెడల్పు తెరలో కూడా చదువరి రెండు దిక్కులా జరుపుకొనే అవసరం లేకుండా విషయం ఒదగాలని దాని సారాంశం. మంచి నియమం. కాని అదే నియమంలో, అర్థం కోసమో వాడకం కోసమో రెండు దిక్కుల అమరిక తప్పనిసరి అయినవాటికి మినహాయింపు ఉంది. గళ్ళ పట్టికలు, పటాలు అటువంటివి. వృత్తపద్యం కూడా ఆ వరుసలోకే వస్తుందని నా వాదన. కారణం చెబుతాను.

ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు ఇరవై ఒకటి, పదకొండోది యతి. మత్తేభానికి ఇరవై, పద్నాలుగోది. శార్దూలానికి పందొమ్మిది, పదమూడోది. అన్నింటికీ రెండో అక్షరం ప్రాస. సారు ఫోనులో పన్నెండు అక్షరాలకు తెర అంచు వచ్చింది. ఉత్పలమాలలో యతి తెర లోపల ఉంది. శార్దూలంలో యతి అంచు అవతల ఉంది. అంటే ఆయన చూసిన శార్దూలానికి యతే లేదు. ఇక పాదాన్ని విరగనిస్తే ఏమవుతుంది? నాలుగు పాదాలు ఎనిమిది వరుసలవుతాయి. కన్ను వరుస మొదలు చూసి ప్రాస వెతుక్కుంటుంది. విరిగిన వరుసలో రెండో అక్షరం ప్రాస కాదు, ఏదో ఒక అక్షరం. సంధులతో, సమాసాలతో ఒక్క ముద్దగా సాగే పాదంలో ఖాళీలు తక్కువ కాబట్టి విరుపు ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఖాళీయే దొరకని సమాసం వస్తే అది విరగనే విరగదు, మళ్ళీ గోడ దాటుతుంది. దానికి వర్డ్-బ్రేక్ అనే గుణానికి బ్రేక్-ఆల్ అని రాస్తే పదం నడుమ ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. ఛందస్సు నేర్చుకొంటున్న పిల్లవాడు ఆ పేజీ చూసి గణాలు విడదీయబోతే ఏం నేర్చుకుంటాడు?

ఇక్కడ నాకు ఎదురుప్రశ్న వస్తుందని తెలుసు. "తాళపత్రాలలో పాదానికొక వరుస ఉందా? ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏకంగా రాసుకుపోయారు కదా? శాసనాల్లోనూ రాయి ఎక్కడ అయిపోతే అక్కడ వరుస తిప్పారు కదా? సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల నాటి రేచర్ల వారి గుళ్ళున్నాయి, వెళ్ళి శాసనాలు చూడు" అనవచ్చు. చూశాను. నిజమే. రాతి మీద పదం మధ్యలో వరుస తిరగడం వింత కాదు. కాని ఆనాటి చదువరి పద్యాన్ని చెవిలో పెట్టుకొని వచ్చేవాడు. యతి ఎక్కడ పడుతుందో, ప్రాస ఎక్కడ మోగుతుందో అతనికి నోరే చెప్పేది. వరుస ఎక్కడ తిరిగినా పాదం ఎక్కడ తిరుగుతుందో అతనికి తెలుసు. అచ్చు వచ్చాక పద్యం నాలుగు వరుసలుగా నిలబడింది. పాదం పేజీలో పట్టకపోతే మిగిలిన ముక్కను కింది వరుసలో కుడివైపుకు జరిపి, ఇది పైపాదం తోక అని తెలిసేటట్టు పెట్టేవారు. అంటే అచ్చుకూర్చేవాడు కూడా తోకను అనాథగా వదల్లేదు. సీసపద్యం మాటకు వస్తే, దాని పాదాన్ని రెండు ముక్కలుగా రాయడం మన సంప్రదాయమే. ఆ విరుపుకు ఛందస్సులో చోటుంది. దానిని నేను కాదనను. ఫోను తయారుచేసినవాడు నిర్ణయించిన చోట ఉత్పలమాల విరగడానికి ఏ లక్షణగ్రంథమూ చోటివ్వలేదు. పైగా తాళపత్రం అడ్డంగా పొడవైన వస్తువు. ఆకు చివరి దాకా ఆకే ఉంటుంది. సగం దాకా ఆకు, ఆపైన గాలిలో అక్షరాలు ఉండే తాళపత్రం లేదు. నా పేజీ అటువంటి తాళపత్రం.

నాలుగో మందు చెప్పినవాడు అందరిలోకీ ఆచరణవాది. "లోపలి పెట్టెకు 2000 పిక్సెళ్ళ వెడల్పు ఇచ్చెయ్, గొడవ వదులుతుంది" అన్నాడు. వదలదు. చిన్న ఆటవెలదికి కూడా రెండు వేల పిక్సెళ్ళ ఎడారి తయారవుతుంది, చదువరి వేలు నొప్పెట్టేదాకా జరిపి చివరికి ఏమీ లేదని తెలుసుకుంటాడు. చూపు మందగించినవారు అక్షరం పెద్దది చేసుకుంటే ఆ రెండు వేలూ చాలవు, తోక మళ్ళీ బయట పడుతుంది. పోనీ అక్షరాల లెక్కన కొలుద్దామా? ఇరవై అక్షరాలని ఛందస్సు చెబుతుంది. కాని "ర"కూ "ఝూ"కూ వెడల్పు ఒకటి కాదు. ఛందస్సులో "స్త్రీ" ఒక్క అక్షరం, యూనికోడులో ఆరు సంకేతాలు. సీఎస్ఎస్‌లో సీహెచ్ అనే కొలమానం ఉంది, అది సున్నా అంకె వెడల్పును బట్టి నడుస్తుంది. తెలుగు పాదాన్ని సున్నాలతో కొలిస్తే సున్నాయే మిగులుతుంది. పాదం ఎంత పొడవో పాదాన్నే అడగాలి. వేరెవరికీ తెలియదు.

అడిగే పద్ధతి ఉంది, అదీ చాలా చిన్నది. జరిగే పెట్టెకూ పద్యాల పెట్టెలకూ మధ్య ఇంకొక పెట్టె పెట్టాలి. దానికి రెండే సూచనలు. ఒకటి విడ్త్: మాక్స్-కంటెంట్. రెండోది మిన్-విడ్త్: 100%. మొదటి దాని అర్థం, నీ లోపల ఉన్న అతి పొడవైన పాదం ఎంత ఉందో నువ్వూ అంత ఉండు అని. రెండోదాని అర్థం, పాదాలు పొట్టివైతే కిటికీ కంటె తక్కువ మాత్రం కావద్దని. ఇక పద్యాల పెట్టెలకు ఏమీ చెప్పనక్కరలేదు. అవి ఎప్పటిలాగే తల్లి వెడల్పు తెచ్చుకుంటాయి. తల్లి ఇప్పుడు కిటికీ కాదు, పాదమంత పొడవున్న మధ్య పెట్టె. మత్తేభమూ, ఆటవెలదీ ఒకే ఖండికలో ఉన్నా రెండింటి పసుపూ ఒకే చోట ముగుస్తుంది. ఈ మధ్య పెట్టె లేకుండా ఒక్కొక్క పద్యానికీ విడిగా మాక్స్-కంటెంట్ ఇస్తే ఒక్కో పెట్టె ఒక్కో పొడవై, కొలతలేని మడుల్లా వంకరటింకరగా ఉంటాయి. మధ్య పెట్టెకు పక్కల ఖాళీ ఇవ్వదలిస్తే బాక్స్-సైజింగ్: బార్డర్-బాక్స్ అని చేర్చండి, లేకపోతే పొట్టి పద్యం కూడా కాస్త ఊగుతుంది.

పాత బ్రౌజర్ల కోసం పాత దారి కూడా ఉంది. మధ్య పెట్టెకు మాక్స్-కంటెంట్ బదులు డిస్‌ప్లే: ఇన్‌లైన్-బ్లాక్ ఇచ్చి, మిన్-విడ్త్: 100% అలాగే ఉంచితే చాలు. ఇన్‌లైన్-బ్లాక్ పెట్టె లోపలి సరుకును పట్టి తన వెడల్పు నిర్ణయించుకుంటుంది. అయితే పాదం విరగవద్దన్న సూచన, అంటే వైట్-స్పేస్: నోరాప్, తప్పనిసరిగా ఉండాలి. విరగడానికి వీలుంటే అది కిటికీకి సరిపోయేటట్టు కుంచించుకుంటుంది. జరిగే పెట్టెనే గ్రిడ్ చేసినా, దాని ఏకైక నిలువు వరుస విరగని పాదమంత పొడవుకు పెరిగి పని జరుగుతుంది. నిలువు ఫ్లెక్స్ చేస్తే మాత్రం జరగదు, అక్కడ పిల్లలు మళ్ళీ కిటికీ వెడల్పుకే ఆగుతారు. చివరగా, జరిగే పెట్టెకు ట్యాబిండెక్స్ విలువ సున్నా ఇవ్వండి. వేలు వాడలేక మీటలతో చదివేవారు కూడా పక్కకు జరుపుకోగలుగుతారు.

ఇంతే. రెండు సూచనలు. ఇరవై ఏళ్ళుగా పేజీలు కడుతున్న నాకు ఇది తెలియక కాదు, చూడక జరిగింది. నా అసలు ఫిర్యాదు ఇక్కడ ఉంది. మనం వాడే మూసలు చాలావరకు పొట్టి మాటలు, అడుగడుగునా ఖాళీలు ఉన్న భాషల కోసం కట్టినవి. ఆ భాషల్లో ఈ లోపం ఎప్పుడో ఒకసారి ఏ ప్రోగ్రాము వరుస దగ్గరో బయటపడుతుంది. తెలుగు పద్యంలో ప్రతి పాదానా బయటపడుతుంది. మూసను తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకున్నాక మన సరుకు పోసి చివరి దాకా జరిపి చూడకపోవడం తప్పు. చూడకుండా, తోక కనిపించలేదన్న చదువరికి "మీ ఫోను చిన్నది" అని జవాబివ్వడం అంతకంటె పెద్ద తప్పు. ఆ జవాబు గత ఏడాది నేను కూడా ఒకరికి ఇచ్చాను. ఆయన మళ్ళీ రాలేదు. సారు కవరు వచ్చాకగాని ఆయన మాట గుర్తు రాలేదు.

"ఎవరు చదువుతున్నారండీ పద్యాలు, ఇంత రాద్ధాంతం దేనికి?" అని ఒక మిత్రుడు అడిగాడు. చదివేవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఎక్కువమంది పెద్దవారు, చిన్న ఫోనులో పెద్ద అక్షరాలతో చదివేవారు. అంటే పాదం గోడ దాటేది సరిగ్గా వాళ్ళ దగ్గరే. పెద్ద తెరల ముందు కూర్చున్న మనకు ఏ పాదమూ గోడ దాటదు. ఎవరి కోసం పద్యాలు ఎక్కించామో వాళ్ళకే అవి సగం అందుతున్నాయంటే, కొద్దిమందే కదా అనడం సమాధానం కాదు.

పేజీ సరిచేసి మళ్ళీ మిర్యాలగూడ వెళ్ళాను. సారు వేలితో మెల్లగా జరుపుతూ ఖండిక మొత్తం చదివారు. పసుపు పాదం వెంట చివరి దాకా వచ్చింది. కుడిగీత చివరి అక్షరం అవతల, ఉండవలసిన చోట కనిపించింది. కాగితాల మీద ఆయన కట్టిన కొత్త సగాలను నోటుపుస్తకంలోని పాత సగాలతో పక్కపక్కన పెట్టి చూశాం. చాలాచోట్ల జ్ఞాపకం తప్పలేదు. ఆరు పద్యాల్లో పాఠం మారింది. "రెండింటిలో కొత్తదే బాగుంది, అది ఉంచు. మిగతా నాలుగూ పాతవే వెయ్యి" అన్నారు. అలాగే వేశాను. ఆ రెండు పద్యాల పాత పాఠం టిప్పణిలో, తెల్లని నేల మీద ఇచ్చాను. పాఠాంతరం ఎలా పుట్టిందో కూడా రాశాను. లేఖక ప్రమాదాల వల్ల పాఠాలు మారడం తాళపత్రాల నాటి నుంచి ఉన్నదే. స్టైలు ప్రమాదం వల్ల మారినవాటిలో ఇవి నాకు తెలిసినంతలో మొదటివి.

మీ పేజీల్లో ఒక శార్దూలం తీసుకోండి. ఇంట్లో అందరికంటె చిన్న ఫోను తీసుకొని, అక్షరాలను అందరికంటె పెద్దవారికి సరిపోయేటంత పెద్దవి చెయ్యండి. పదమూడో అక్షరం దాటి పక్కకు జరపండి. అక్షరం వెనుక రంగు ఉందో లేదో చూడండి. ఆ తరువాత నాతో పేచీకి రండి.

తా.క.: ఈ పేజీలో రోమన్ అక్షరం వాడనన్న పాత మొండిపట్టు వల్ల సూచనలను కూడా తెలుగు లిపిలోనే రాశాను. మీరు స్టైలులో రాసేటప్పుడు వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే రాయాలి. తెలుగులో రాస్తే బ్రౌజరు అర్థం చేసుకోదు.